లోకపు వేడిని లెక్కించిన కాలెండరు

రోగికి జ్వరము వచ్చినచో వైద్యుడు ఉష్ణమాపకమును నాలుక క్రింద నుంచి, రెండు నిమిషములలో జ్వరమెంతయో చెప్పగలడు. ఈ భూమికి జ్వరము వచ్చినదో లేదో తెలిసికొనవలెనన్నచో ఉష్ణమాపకము నెచట నుంచవలెను? రోహిణికార్తెలో మన యూళ్ళలో రోళ్ళు పగులునంత యెండ కాయుచుండగా దక్షిణధ్రువమున మంచు పేరుకొనుచుండును. ఒకే యూరిలో చెట్టునీడ నొక వేడి, రాతిమేడపై నొక వేడి. నిన్నటి వేడి నేడుండదు. ఇట్టి లోకమునకంతటికి సగటు వేడి యని యొకటి కలదా? ఉన్నను, ఏబది యేండ్లనాటి వేడికిని ఈనాటి వేడికిని గల భేదమును, అదియు డిగ్రీలో పదియవ వంతుల లెక్కన, నమ్మదగునట్లు చెప్పుట సాధ్యమా?

ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకొన్నవారిలో గై స్టూవర్టు కాలెండరు ముఖ్యుడు. విచిత్రమేమనగా ఆతడు వృత్తిచేత వాతావరణ శాస్త్రజ్ఞుడు కాడు. నీటియావిరిని గూర్చి పరిశోధనలు చేయు ఇంజనీరు.

కాలెండరు 1898వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన కెనడా దేశములోని మాంట్రియలు నగరమున జన్మించెను. ఆతని తండ్రి హ్యూ కాలెండరు ఇంగ్లండు దేశీయుడు. అప్పు డచట మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రాచార్యుడుగా నుండెను. ఆయన విడిచిన పీఠమునే పిమ్మట సుప్రసిద్ధుడైన రూథర్‌ఫర్డు అలంకరించెను. కుమారుని కథకు ముందు తండ్రి చేసిన పని నొకింత తెలిసికొనుట యవసరము.

పాదరసపు ఉష్ణమాపకము మితమైన వేడిని మాత్రమే కొలువగలదు. కొలిమిలో నుంచినచో గాజు మెత్తబడును, పాదరసము మరిగిపోవును. లోహపు తీగ వేడెక్కినకొలది దానిగుండ విద్యుత్తు ప్రవహించుటకు నిరోధము పెరుగును. ఆ నిరోధమును కొలిచినచో వేడిని తెలిసికొనవచ్చును గదాయని సీమెన్సు అను శాస్త్రజ్ఞుడు ముందే తలచి ప్లాటినపు తీగతో నొక సాధనమును చేసెను. కాని పరీక్షలలో అది నిలువలేదు. ఒకమారు చూపిన యంకెను మరల చూపదాయెను. అందరును ఆ మార్గమును విడిచిపెట్టిరి. హ్యూ కాలెండరు మాత్రము దోషము పద్ధతిలోనిది కాదు, పనితనములోనిదని శంకించెను. తీగ శుద్ధమైనదిగా నుండి, ఇతర పదార్థములు సోకక, బిగువు లేక యున్నచో ప్లాటినము ఎన్నిమారులు కొలిచినను ఒకే మాట చెప్పునని 1886, 1887 ప్రాంతములలో నిరూపించెను. 1927లో అంతర్జాతీయ ఉష్ణోగ్రతామానమును నిర్ణయించినపుడు ప్లాటినపు ఉష్ణమాపకమున కందు ప్రధాన స్థానము లభించెను. కొలత తప్పుగా నున్నపుడు దానిని పారవేయుటకు ముందు తప్పెచట చొచ్చినదో వెదకవలెనను నేర్పు ఆ యింట పుట్టినది. కుమారునకు తండ్రి యిచ్చిన ఆస్తి యిదియే.

గై పుట్టిన కొలదికాలమునకే ఆ కుటుంబము ఇంగ్లండునకు తిరిగివచ్చి, తరువాత లండను చేరువనున్న ఈలింగులో స్థిరపడెను. పెద్ద యిల్లు, తోట. తోటలోని గాజుటిల్లు పిల్లలకు ప్రయోగశాల యాయెను. అచట ప్రేలుడు పదార్థములను గూడ చేయబూనిరట! బాల్యములోనే గైకి గొప్ప యాపద వాటిల్లెను. అన్న ఆటలో పొడిచిన గుండుసూదివలన ఎడమకన్ను పోయెను. జీవితమంతయు ఆతడు ఒక కంటితోనే చదివెను, ఒక కంటితోనే వేలకొలది యంకెలను సరిచూచెను.

సెయింటు పాల్స్ పాఠశాలలో చదువుచుండగా ప్రథమ ప్రపంచ సంగ్రామము వచ్చెను. కన్ను లేనందున సైన్యమున చేరుటకు వీలులేకపోయెను. 1915లో బడి విడిచి ఇంపీరియల్ కళాశాలలోని తండ్రి ప్రయోగశాలలో చేరి ఎక్స్‌కిరణ పరికరములను పరీక్షించు పని చేసెను. యుద్ధానంతరము ఇంజనీరింగు కళాశాలలో చేరి 1922లో యోగ్యతాపత్రమును పొందెను. అంతకుమించిన పెద్దపట్టము లేవియు ఆతనికి లేవు. పిమ్మట తండ్రితో కలిసి అధిక పీడనమున, అధికోష్ణోగ్రతలయందు నీటియావిరి యెట్లు ప్రవర్తించునో పరిశోధించెను. విద్యుత్తు నుత్పత్తిచేయు గొప్ప చక్రయంత్రములు ఆవిరిచేతనే తిరుగును గాన ఆ యంత్రములు చేయువారికి ఆవిరి గుణములను తెలుపు పట్టికలు పంచాంగమువంటివి. 1930లో తండ్రి మరణించిన పిదప ఆ పట్టికల భారము కుమారునిపై బడెను. పట్టికలో నొక యంకె తప్పినచో యంత్రము దెబ్బతినును. కావున ఆతడు అంకెలతో ఆడుకొనువాడు కాలేదు, అంకెలకు భయపడువా డాయెను.

వివాహమై, కవల కుమార్తెలకు తండ్రియై, ఆతడు సముద్రతీరమున వర్తింగు పట్టణమున కాపురముండెను. పగలు ఆవిరి, టెన్నిసు. తీరిక వేళల నింటిలో వేరొక పని. ఆ పనికి జీతము లేదు, ఆజ్ఞాపించినవారు లేరు.

ఆ వేరొక పని యేమన, బొగ్గు మండుటవలన లోకము వేడెక్కుచున్నదాయని చూచుట. భూమినుండి పైకిపోవు వేడిని గాలిలోని కొన్ని వాయువులు అడ్డగించునని ఐర్లండు దేశీయుడగు టిండాలు 1859లో ప్రయోగపూర్వకముగా చూపెను. బొగ్గుపులుసు వాయువు హెచ్చినచో లోకపు వేడి యెంత హెచ్చునో స్వీడను దేశీయుడగు అర్హీనియసు 1896లో లెక్కగట్టెను. కాని కొలదికాలమునకే ఆ వాదమునకు దెబ్బ తగిలెను. గాలిలోని నీటియావిరియే ఆ వేడిని ముందుగా పట్టివేయుచున్నదనియు, బొగ్గుపులుసు వాయువునకు మిగులున దేమియు లేదనియు ఇతరులు ప్రయోగములు చేసి చెప్పిరి. 1930 ప్రాంతమునకు పెద్దలందరును ఆ సిద్ధాంతమును చచ్చినదానినిగా నెంచిరి. నీటియావిరి, వేడి, వాయువులు కాలెండరునకు కొట్టినపిండి. అంతకుముందటి ప్రయోగములకంటె సూక్ష్మమైన కొత్త కొలతలను దీసికొని, ఆవిరి అడ్డగింపలేని కొన్ని కిరణములను బొగ్గుపులుసు వాయువు అడ్డగించుచున్నదని ఆతడు లెక్కవేసెను.

ఇంతవరకు కాగితముమీది లెక్క. లోకము నిజముగా వేడెక్కుచున్నదా? ఆ సాక్ష్యము ఉష్ణమాపకములయొద్దనే యుండవలెను.

అదృష్టవశమున ఆ సాక్ష్యము నొకచోట కూర్చిన గ్రంథము 1927లో వెలువడి యుండెను. అమెరికాలోని స్మిత్సోనియను సంస్థ ప్రచురించిన ఆ ఉద్గ్రంథములో నానాదేశముల వాతావరణ కేంద్రముల లెక్కలు కలవు. వానిని సేకరించినవారిలో సర్ గిల్బర్టు వాకరు ఒకడు. ఆయన 1904 మొదలు 1924 వరకు భారతదేశ వాతావరణశాఖకు అధిపతిగా నుండి, మన ఋతుపవనముల రాక నెఱుగుటకై లోకమంతట నుండి లెక్కలు రాబట్టిన మహాశ్రమజీవి. సిమ్లాలో నాశాఖయందే పనిచేసిన జార్జి సింసను మరియొకడు. ఆ సింసను పేరు మరల వచ్చును.

గ్రంథము దొరకినది గదాయని అంకెలన్నిటిని కూడి భాగించినచో సరిపోవునా? సరిపోదు. ఉష్ణమాపకపు మాట నమ్మదగినదగుటకు ఎన్ని నియమములు కావలయునో సాధారణముగా నెవరును తలపరు. పూర్వము ఉష్ణమాపకమును ఉత్తరపు గోడకో కిటికీకో వ్రేలాడదీసెడివారు. గోడ వేడెక్కినచో ఉష్ణమాపకము గాలి వేడిని గాక గోడ వేడిని చెప్పును. తెల్లరంగు పూసి, పక్కల ఏటవాలు పలకలు అమర్చిన చెక్కపెట్టెలో దాని నుంచు పద్ధతిని 1860 తరువాత థామస్ స్టీవెన్సను ప్రచారమునకు తెచ్చెను. (ఈయన సముద్రతీరములందు దీపస్తంభములు కట్టిన ఇంజనీరు, ట్రెజర్ ఐలండు అను కథ వ్రాసిన స్టీవెన్సనునకు తండ్రి.) గోడమీదినుండి పెట్టెలోనికి మారిననాడే అంకెలు మారును, వాతావరణము మారియుండదు. గాజుకూడ సంవత్సరములు గడచినకొలది ముడుచుకొనును గాన పాత ఉష్ణమాపకము ఉన్నదానికంటె కొంచె మెక్కువ చూపును. ఒక దేశమున ఉదయము, మధ్యాహ్నము, రాత్రి చూచి సగటు తీయుదురు. వేరొకచోట దినములోని అత్యధికమును అత్యల్పమును కూడి సగము చేయుదురు. ఈ రెండును సమానములు కావు. కేంద్రము కొండమీదినుండి లోయలోనికి మారవచ్చును. అన్నిటికంటె చిక్కు పట్టణములతో వచ్చును. నిన్న పొలముల నడుమ నున్న కేంద్రము చుట్టును నేడు ఇటుకమేడలు, రాతిబాటలు, పొగగొట్టములు వెలసినచో రాత్రులందు అచట చల్లదనము తగ్గును. ఊరు వేడెక్కినంతమాత్రమున లోకము వేడెక్కినట్లు కాదు గదా!

ఈ దోషములు రెండు తెగలవి. ఒకచోట గుమాస్తా అర డిగ్రీ ఎక్కువ వ్రాయును, మరియొకచోట నింకొకడు తక్కువ వ్రాయును. నూరు కేంద్రములను చేర్చినపుడు ఇట్టివి ఒకదానిని మరియొకటి కొట్టివేయును. కాని పట్టణములు అన్నిచోట్లను పెరుగునే కాని తగ్గవు. అందరును ఒకే వైపునకు తప్పినచో ఎందరిని చేర్చినను తప్పు తప్పుగానే నిలుచును. తెలివంతయు ఈ రెండవ తెగను పట్టుకొనుటలోనే యున్నది.

కాలెండరు సుమారు 200 కేంద్రముల లెక్కలను పరిశీలించెను. దీర్ఘకాలము ఎడతెగక సాగినవానిని, స్థానము తరచుగా మారనివానిని ఎన్నుకొనెను. పక్కపక్క కేంద్రములను పోల్చి, ఒకటి మాత్రమే హఠాత్తుగా దారి తప్పినచో దానిని శంకించెను. తుదకు 147 కేంద్రములు నిలిచెను. ఏ కేంద్రమున ఎంత వేడి యని చూడక, ఆ కేంద్రపు సాధారణస్థితినుండి ఆ యేడు ఎంత తొలగినదో మాత్రమే చూచెను. అందువలన కొండమీది యూరును సముద్రతీరపు యూరును ఒకే త్రాసులో తూచుటకు వీలాయెను. ఐరోపాలో కేంద్రములు క్రిక్కిరిసియుండ ఇతర ఖండములలో అరుదుగా నుండుటచే ప్రాంతములవారిగా కూర్చి, ప్రాంతపు వైశాల్యమునుబట్టి విలువ నిచ్చెను. పట్టణముల లెక్కలను పల్లెల లెక్కలతో పోల్చి, ఏబదియేండ్ల పెరుగుదలకు పట్టణములే కారణము కావని తేల్చెను. ఈ పనియంతయు చేతితో, కాగితముమీద, ఒక్కడు చేసెను. నేడు కంప్యూటరు క్షణములో చేయు కూడికలకు ఆతనికి నెలలు పట్టియుండును.

ఫలితము చూడగా, అంతకుముందటి ఏబది యేండ్లలో భూభాగపు గాలి సంవత్సరమునకు 0.005 డిగ్రీల సెంటీగ్రేడు చొప్పున వేడెక్కినది. మొత్తముమీద ఇది పావు డిగ్రీ మాత్రమే. ఆ కాలములో మానవులు బొగ్గు మున్నగువానిని కాల్చి గాలిలోనికి సుమారు 15,000 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును వదలిరనియు, అందు మూడువంతులకు పైగా గాక ముప్పాతిక మాత్రము గాలిలో నిలిచెననియు, దానివలన సంవత్సరమునకు 0.003 డిగ్రీలు పెరుగవలెననియు ఆతని సిద్ధాంతపు లెక్క.

ఈ వ్యాసమును లండనులోని రాయల్ వాతావరణ శాస్త్ర సంఘమునకు సమర్పించెను. ఓజోను పరిశోధకుడుగా పేరొందిన డాబ్సను దానిని సంఘము ముందుంచెను. 1938 ఫిబ్రవరి 16వ తేదీన అది చదువబడెను. సభలో ఆరుగురు పెద్దలు మాటాడిరి. వారిలో మొదటివాడు అప్పటి బ్రిటిషు వాతావరణశాఖాధిపతి సర్ జార్జి సింసను. ఏ గ్రంథమునుండి కాలెండరు అంకెలను తీసికొనెనో ఆ గ్రంథమునకు అంకెలను సేకరించి యిచ్చినవారిలో ఆయనయు నొకడు!

సింసను ఆ శ్రమను మెచ్చుకొనెను గాని ఫలితము నంగీకరింపలేదు. గాలి నిశ్చలముగా నుండు పదార్థము కాదని, దాని కదలికలను లెక్కింపక వేడిని మాత్రము లెక్కించుట చాలదని, వాయువును వేడియు కూడ పెరుగుట కాకతాళీయము కావచ్చునని ఆయన యభిప్రాయము. ఆచార్య బ్రంటు పదునెనిమిదవ శతాబ్దమున గూడ ఇట్టి మార్పులు కలిగెనని జ్ఞాపకము చేసెను. కోస్టు అనునాతడు సూటిగా మూలమునే తాకెను. పూర్వపు రసాయనికులు గాలిలోని బొగ్గుపులుసు వాయువును సరిగా కొలిచిరా? వెనుకటి ఉష్ణమాపకములు, అవి యుంచబడిన తీరు, ఇంత సూక్ష్మమైన భేదమును చూపదగినవేనా? డైన్సు, విప్పిలు అనువారును తమ తమ సందేహములను వెలిబుచ్చిరి. బ్రూక్సు మాత్రము వేడి నిజముగానే పెరిగినదని యొప్పుకొనెను. ఉత్తరధ్రువ ప్రాంతపు మంచు తగ్గుటయు అందుకు సాక్ష్యమనెను. కాని కారణము బొగ్గుపులుసు వాయువు కాదు, గాలుల తీరులోని మార్పు అని ఆయన వాదము.

ఈ సభను వర్ణించునపుడు పెద్దలను మూర్ఖులనుగా చిత్రించుట సులభము. అది న్యాయము కాదు. వారు వేసిన ప్రశ్నలన్నియు వేయదగినవే. వానిలో కొన్నిటికి ఆనాడు పూర్తి సమాధానము ఎవరియొద్దను లేదు. బయటివాడు వచ్చి డిగ్రీలో నాలుగవ వంతును చూపి లోకము మారినదనినపుడు, కొలతను శంకించుట శాస్త్రజ్ఞుల ధర్మము. అయితే బయటివాడను మాట కొంచె మెక్కువగా నడచినమాట నిజము.

కాలెండరు కోపగింపలేదు, వాదము విడువనులేదు. గాలి కదలికల చిక్కును ఒప్పుకొనెను. అంకెలపై తన నమ్మకమును నిలుపుకొనెను. రాబోవు ఇరువది యేండ్ల ఉష్ణోగ్రతలే తన లెక్క సరియో కాదో చెప్పగలవని ఆ దినములలోనే వ్రాసెను. తన మాటకు తానే గడువు పెట్టుకొనుట సాహసము. ఆ గడువు ఆతనిని మిక్కిలి బాధించినది.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. ఇంగ్లండులో పొగమంచు దట్టముగా క్రమ్మినపుడు యుద్ధమునుండి తిరిగివచ్చు విమానములకు నేల కనబడెడిది కాదు; అనేకులు దిగబోయి కూలి మరణించిరి. విమానములు దిగు బాట కిరువైపుల గొట్టములు పరచి, పెట్రోలు మండించి, ఆ వేడిచే మంచును చెదరగొట్టు ఏర్పాటునకు ఫైడో యని పేరు. ఆ పరిశోధకబృందములో కాలెండరు ఒకడు. 1942లో హార్షాము పట్టణమునకు మారి, దాని చేరువనున్న పరిశోధనాలయములో పనిచేసెను. ఫైడో సాయమున సుమారు 2,500 విమానములు సురక్షితముగా దిగినవి. గాలిని కొలదిసేపు కొలదిమేర వేడి చేయుటకు ఎంత యింధనము కావలెనో ఆతడు కన్నులార చూచెను.

యుద్ధము ముగిసెను. 1947లో ఇంగ్లండున భయంకరమైన చలికాలము వచ్చెను. 1940 తరువాత ఉత్తరార్ధగోళమున వేడి పెరుగుట నిలిచి, కొంత తగ్గుటకూడ కనబడెను. గడువు పెట్టిన యిరువది యేండ్లు ఇట్లు గడచెను. సిద్ధాంతమును ప్రేమించువానికి ఇది కఠిన పరీక్ష. అనుకూలమైన కేంద్రములను ఉంచి ప్రతికూలమైనవానిని తొలగించు తలంపు బలహీనునకు కలుగును. కాలెండరు చేసిన దేమనగా మరిన్ని కేంద్రములను చేర్చుట. 1961లో ప్రచురించిన వ్యాసమునకు 400లకు పైగా కేంద్రముల లెక్కలను తీసికొనెను. కొలతలు మొదటినుండి తుదివరకు ఒకే తీరున సాగినవా యను ప్రశ్నను అందు ప్రత్యేకముగా చర్చించెను. ఉష్ణమాపకములను మాత్రమే నమ్మక, నానామండలములలో హిమానీనదములు వెనుకకు తగ్గుటను సాక్ష్యముగా పిలిచెను. మంచునకు గుమాస్తా లేడు, పట్టణము లేదు. వేడి తగిలినచో కరగును, అంతియే. ఉత్తరధ్రువ ప్రాంతమునుండి దక్షిణమున 45 డిగ్రీల అక్షాంశము వరకు పెరుగుదల గణింపదగినదే యని ఆతడు తేల్చెను. ఉష్ణమండలములోని పెక్కు ప్రాంతములందు అది మిక్కిలి తక్కువ యనియు, కొన్నిచోట్ల ఇంకను కనబడుటలేదనియు ఆ వ్యాసములోనే వ్రాసెను. తనకు నష్టము కలిగించు మాటనుకూడ దాచలేదు.

బొగ్గుపులుసు వాయువు విషయములో ఆతనికి జయము జీవితకాలములోనే కొంత దక్కెను. పందొమ్మిదవ శతాబ్దపు రసాయనికుల కొలతలు ఒకదానితో నొకటి పొసగవు. వానిలో నమ్మదగినవానిని ఏరి, ఆనాడు గాలిలో పదిలక్షల పాళ్ళకు 290 పాళ్ళ బొగ్గుపులుసు వాయువు ఉండెనని ఆతడు నిర్ణయించెను. ఏరుటలో పక్షపాతము దొరలెనని కొందరు ఆక్షేపించిరి. ఆక్షేపణకు చోటు లేకపోలేదు. ఏరుట ఎప్పుడును ప్రమాదకరమే. 1958లో చార్లెసు కీలింగు హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతముపై సూక్ష్మయంత్రముతో కొలువ నారంభించినపుడు ఆ వాయువు 313 పాళ్ళని, తరువాత ఏటేట పెరుగుచున్నదని తెలిసెను. కాలెండరు మరణించిన పెక్కేండ్లకు దక్షిణధ్రువపు మంచుపొరలలో చిక్కుకొన్న పాతగాలిని పరీక్షింపగా పందొమ్మిదవ శతాబ్దపు అంకె ఆతడు చెప్పినదానికి చేరువగానే యుండెను.

ఆతడు 1958లో ఉద్యోగమునుండి విశ్రాంతి తీసికొనెను. 1962-63 చలికాలము ఇంగ్లండులో మరల ఘోరముగా నుండెను. తన సిద్ధాంతము పెద్దల కెందుకు రుచింపదాయెనో తెలుపు కొన్ని కారణములను 1964లో ఆతడు తనకొరకు వ్రాసికొనెను. లోకపు వాతావరణమునకంతటికి ఒకే కారణము చెప్పుట నిపుణులకు అసంభవముగా తోచుట, అంత మహత్తరమైన దానిని మానవుడు మార్చగలడను మాట కొందరికి రోతగా నుండుట అందులోనివి. ఆ యూహ తమకు ముందుగా తట్టకపోవుటయు నొక కారణమని చేర్చెను. ఆ వ్రాతలో చేదు కొంచెమున్నను చమత్కారము మరికొంచె మెక్కువ. అదే సంవత్సరము అక్టోబరు 3వ తేదీన హార్షాములో మరణించెను. అప్పటికి ఉష్ణమాపకము లింకను ఆతని పక్షమున పలుకలేదు.

ఆతని లెక్కలో పొరపాట్లు లేకపోలేదు. ఇంధనము కాల్చుట ఇంత వేగముగా పెరుగునని తలపలేదు. నేడు గాలిలోని బొగ్గుపులుసు వాయువు 420 పాళ్ళను దాటినది. వేడి పెరుగుట మానవులకు మేలే యనియు, ఉత్తరపు చలిదేశములలో పైరులు పండుననియు, మహాహిమయుగము తిరిగివచ్చుట ఆలస్యమగుననియు నమ్మెను. చలిదేశమున చలికి వణకిన వాని కట్లు తోచుటలో వింత లేదు. కాని తీరములను ముంచు సముద్రమును, ఎండదేశముల వడగాడ్పులను ఆతడు లెక్కలోనికి తీసికొనలేదు.

1970 తరువాత వేడి మరల పెరుగసాగెను. నడుమ తగ్గుటకు కర్మాగారముల పొగలోని సూక్ష్మకణములు సూర్యరశ్మిని అడ్డగించుట యొక ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1850-1900 నాటికంటె 2011-2020 నాటి లోకపు వేడి సుమారు 1.1 డిగ్రీలు ఎక్కువయని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము 2021లో ప్రకటించెను. కోస్టు ఆనాడు వేసిన ప్రశ్నలను మరల మరల ఎందరో వేసిరి. పట్టణముల వేడి, కేంద్రముల మార్పు, కొలత వేళలు అన్నియు తిరిగి పరీక్షకు వచ్చెను. ఓడలవారు పూర్వము సముద్రజలమును బొక్కెనతో తోడి కొలిచెడివారు, తరువాత యంత్రములోనికి వచ్చు నీటిని కొలువసాగిరి. ఆ భేదమును సవరించినపుడు లోకపు వేడి పెరుగుదల మొత్తముమీద కొంత తగ్గెనే కాని హెచ్చలేదు.

కాలెండరు వ్రాసికొన్న పుస్తకములు, కాగితములు ఇంగ్లండులోని ఈస్టు ఆంగ్లియా విశ్వవిద్యాలయమున భద్రపరుపబడినవి. ఆ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫిల్ జోన్సు, రెడింగు విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్ హాకిన్సు, ఆతని వ్యాసము వెలువడిన 75 సంవత్సరములకు, 2013లో, ఆతని 147 కేంద్రముల లెక్కను ఆధునిక లెక్కలతో పోల్చి చూచిరి. ఆధునికులకు వేలకొలది కేంద్రములు, కంప్యూటర్లు కలవు. దోషములను సవరించు పద్ధతు లనేకములు కలవు. రెండు రేఖలను ఒకే కాగితముపై గీయగా, 1880 మొదలు 1935 వరకు ఒక కంటి ఇంజనీరు ఇంట కూర్చుండి గీసిన రేఖ కొత్తరేఖను చాలవరకు అంటిపెట్టుకొనియే నడచెను.